పేగుకు పడ్డ చిల్లుకు లోపలి నుంచే పట్టీ: జిగురు ఎక్కడ పట్టుకుంటుంది, ఎక్కడ వదిలేస్తుంది

ఎండోస్కోపీలో, అంటే నోటి నుంచో మలద్వారం నుంచో కెమెరా గొట్టం పంపి, కణితి తీస్తుండగా పేగుకు చిల్లు పడితే ఒకప్పుడు ఉన్న దారి పొట్ట కోసి కుట్టడమే. ఇప్పుడు చాలా చిల్లుల్ని అదే గొట్టంలోంచి లోపలి వైపునే మూసేస్తున్నారు. ఆ మూతల్లో కొత్తగా చర్చకు వస్తున్నది జిగురు పట్టీ, అంటే గాయం మీద పరిస్తే తడిలోనూ అంటుకుని, మానేదాకా ఉండి, తర్వాత కరిగిపోయే పొర. "కుట్టు అక్కర్లేని పట్టీ వచ్చేసింది" అనే వార్తలు చదివినవాళ్లకు ఇది చర్మం మీద వేసే ప్లాస్టర్ లాంటిదే అనిపిస్తుంది. కానీ చర్మం పొడిగా, కదలకుండా, చేతికి అందేలా ఉంటుంది. పేగు లోపల ఈ మూడూ ఉండవు.

గోడ ఎంత పల్చన, చిల్లు ఎలా పడుతుంది

జీర్ణనాళం గోడలో లోపలి నుంచి బయటికి నాలుగు పొరలుంటాయి. ఆహారం తగిలేది శ్లేష్మపొర. దాని కింద రక్తనాళాలు పారే మెత్తని వదులు పొర, దాన్ని సబ్‌మ్యూకోసా అంటారు. ఆ తర్వాత కండర పొర, అన్నిటికీ బయట సెరోసా అనే పల్చని తొడుగు. అన్నవాహికకు చాలాభాగం ఈ చివరి తొడుగు లేదు. ఇన్ని పొరలున్నా పెద్దపేగు గోడ మొత్తం మందం సాగినప్పుడు 1 నుంచి 3 మిల్లీమీటర్లే. జీర్ణాశయం గోడ దానికన్నా మందం.

తొలిదశ కేన్సర్లనూ, పాలిప్‌లు అనే లోపలి గోడ మీది పెద్ద కండలనూ ఒకే ముక్కగా తీయడానికి జపాన్‌లో 1990ల చివర్లో రూపుదిద్దుకున్న పద్ధతి ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్, క్లుప్తంగా ఈఎస్‌డీ. కణితి కింద నీలిరంగు కలిపిన ద్రవం ఎక్కించి, సబ్‌మ్యూకోసాను దిండులా ఉబ్బించి, ఆ ఉబ్బులోనే విద్యుత్ కత్తితో కోసుకుంటూ పోతారు. దిండు ఉన్నంతసేపు కత్తికీ కండరానికీ మధ్య ఎడం ఉంటుంది. ద్రవం పక్కలకు జారిపోయి దిండు కుంగినా, పాత పుండు మచ్చ వల్ల ఆ పొర గట్టిపడి ఉబ్బకపోయినా కత్తి కండరంలోకి దిగుతుంది.

దెబ్బ తగిలిన సంగతి చాలాసార్లు తీసిన ముక్కే చెబుతుంది. ముక్కను తిరగేసి చూస్తే అడుగంతా నీలంగా ఉండాలి. నీలం మధ్యలో గుండ్రంగా తెల్లటి బిళ్ల కనిపిస్తే అది కండరం, అంటే కోత ఒక పొర లోతుకు వెళ్లింది. గురిచూసే బిళ్లలా ఉంటుంది కనుక దీన్ని టార్గెట్ గుర్తు అంటారు. పేగులో అదే చోట వెతికితే దానికి జోడు మచ్చ దొరుకుతుంది. అప్పటికి గోడ దాటిన చిల్లు లేకపోయినా దాన్ని మూసే తీరాలి.

జీర్ణాశయం ఈఎస్‌డీల్లో చిల్లు పడేది నూటికి సుమారు 1 నుంచి 5 మందిలో. పెద్దపేగులో సగటున 5 దరిదాపుల్లో ఉంటుంది. ఆంత్రమూలంలో, అంటే జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగంలో, అంతకన్నా చాలా ఎక్కువ. పట్టీల కథలో మాటిమాటికీ ఆంత్రమూలం ఎదురయ్యేది ఇందుకే.

అప్పుడే పడే చిల్లు, మర్నాడు పడే చిల్లు

ఈ రెండిటినీ ఒకే మాటతో పిలవడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది.

కోస్తుండగా పడే చిల్లు కళ్లెదుటే ఉంటుంది. సాధారణంగా చిన్నది, అంచులు శుభ్రంగా ఉంటాయి, పేగు ముందే ఖాళీ చేసి ఉంటుంది. పేగును ఉబ్బించడానికి గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడుతున్నారు కనుక ఉదరకుహరంలోకి వాయువు జారినా శరీరం త్వరగా పీల్చేసుకుంటుంది. వాయువు మరీ పేరుకుని పొట్ట బిగిసి ఊపిరికి అడ్డుపడితే బయటి నుంచి సూది గుచ్చి వదిలేస్తారు. ఆ తర్వాత చిల్లు మూసి, నోటి ఆహారం ఆపి, యాంటీబయాటిక్‌లు ఇచ్చి కనిపెట్టుకుని ఉంటారు.

ఆలస్యంగా పడే చిల్లు ఇంకో రకం. గొట్టం బయటికి తీసేటప్పటికి గోడ బాగానే ఉంటుంది. విద్యుత్ వేడికి కండరంలో కొంత భాగం చచ్చి ఉంటుంది. ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లో ఆ భాగం ఊడి చిల్లవుతుంది. ఆంత్రమూలంలో ఇంకో కష్టముంది. రక్షణగా ఉన్న శ్లేష్మపొరను తీసేశాక కండరం మీద పైత్యరసం, క్లోమరసం నేరుగా పడతాయి. మాంసకృత్తులను కరిగించడమే క్లోమరసం పని, అది ఆహారమా పేగు కండరమా అని చూడదు. ఇలాంటి చిల్లు అంచులు చివికి ఉంటాయి. అంచుల్ని కలిపి పట్టే చిన్న లోహపు క్లిప్పు వేస్తే తడిసిన కాగితానికి పిన్ను కొట్టినట్టే, లాగితే చిరుగుతుంది. ఈ రకంలో శస్త్రచికిత్స దాకా వెళ్లాల్సి రావడం మామూలే.

కాబట్టి "చిల్లుకు పట్టీ" అన్నప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న, ఉన్న చిల్లు మూయడానికా, రాబోయే చిల్లును ఆపడానికా అన్నది. రెండో పనిలో పట్టీకి ఉన్న అవకాశం మొదటి పనిలో కన్నా ఎక్కువని నా అంచనా. కారణం కింద లెక్కలో తేలుతుంది.

క్లిప్పు అంచుల్ని కలుపుతుంది, పట్టీ మీద కప్పుతుంది

ఎండోస్కోపు గొట్టంలోంచి పంపే మామూలు క్లిప్పు నోరు 11 నుంచి 16 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. చిన్న చిల్లుకు రెండు మూడు చాలు. ఇంకా పెద్దదైతే గొట్టం కొనకు తొడిగి వదిలే ఎలుగుపంజా లాంటి క్లిప్పు ఉంది. అది అంచుల్ని పూర్తి మందంతో పట్టుకుని కొరుకుతుంది. నైలాన్ ఉచ్చును చుట్టూ క్లిప్పులతో బిగించి సంచి మూతిలా లాగే పద్ధతి, ఎండోస్కోపుతోనే కుట్టే పరికరం కూడా వాడుకలో ఉన్నాయి. ఇవన్నీ పేగు గోడనే గోడకు ఆనిస్తాయి. కణజాలం కణజాలాన్ని తాకితే మానడం త్వరగా జరుగుతుంది. ఈ బలం ఏ జిగురుకూ లేదు.

వీటికి కావాల్సింది పట్టుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న అంచు, దగ్గరికి లాగగలిగేంత వదులు. 4 సెంటీమీటర్ల గాయాన్ని ఇరుకైన ఆంత్రమూలంలో లాగి మూస్తే దారి ఇరుకవుతుంది, లాగిన చోట ఒత్తిడి పెరుగుతుంది. వేడికి చచ్చిన అంచు అసలు పట్టే ఇవ్వదు. అక్కడ కప్పడం తప్ప వేరే మార్గం ఉండదు.

తడి మీద జిగురు ఎందుకు నిలవదు

ఏ జిగురైనా పనిచేయాలంటే దాని అణువులు అవతలి తలాన్ని తాకాలి. పేగు తలం మీద ఎప్పుడూ నీటి పొర ఉంటుంది. జిగురు ఆ నీటికి అంటుకుంటుంది తప్ప గోడకు కాదు. నీటి కింద మ్యూకస్ అనే జిగట పొర ఉంటుంది. దానికి అంటుకున్న పట్టీ, శరీరం మ్యూకస్‌ను రాల్చినప్పుడు దానితోపాటే రాలిపోతుంది. ఈఎస్‌డీ గాయం మీద ఈ ఒక్క బాధ తప్పుతుంది, ఎందుకంటే మ్యూకస్ పుట్టించే పొరను అక్కడ తీసేశారు. పట్టీ అంచులు మాత్రం చుట్టూ ఉన్న మంచి శ్లేష్మపొర మీదే పడతాయి. లేవడం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

దీనికి ఆమ్లత్వం తోడవుతుంది. ఖాళీ జీర్ణాశయంలో పీహెచ్ 1 నుంచి 2, ఆంత్రమూలం దాటాక 7 దరిదాపులు. ఒకచోట పనిచేసిన రసాయనం ఇంకోచోట పనిచేస్తుందన్న హామీ లేదు. పైగా జీర్ణాశయంలో నిమిషానికి సుమారు 3, ఆంత్రమూలంలో 11 నుంచి 12 అలల లయ నడుస్తుంది. ప్రతి అలా కండరాన్ని ముడవకపోయినా, పట్టీకి కదలని గంటంటూ ఉండదు.

పట్టు తెచ్చుకునే నాలుగు దారులు

ఆసుపత్రుల్లో ఎక్కువ అనుభవం ఉన్నది ఫైబ్రిన్ జిగురుతో. ఇందులో రెండు ద్రవాలు, ఫైబ్రినోజెన్ ఒకటి, థ్రాంబిన్ ఒకటి. కలిస్తే రక్తం గడ్డకట్టే చివరి మెట్టే ఇక్కడా జరుగుతుంది. శరీరానికి పరిచయమైన పదార్థం కనుక హాని తక్కువ. కానీ పట్టు బలహీనం, క్లోమరసం దాన్ని సులభంగా తినేస్తుంది. అందుకే దీన్ని ఒంటరిగా కాకుండా పాలీగ్లైకాలిక్ ఆమ్లంతో నేసిన, 0.15 మిల్లీమీటర్ల మందం ఉండే మెత్తని గుడ్డతో జోడించారు. శస్త్రచికిత్సల్లో కుట్లను బలపరచడానికి వచ్చిన గుడ్డ అది, కొన్ని నెలల్లో నీటితో విడిపోయి శరీరంలో కలిసిపోతుంది. జపాన్ వైద్యులు దీన్ని ఆంత్రమూలం ఈఎస్‌డీ గాయాల మీద పరచడం మొదలుపెట్టాక ఈ రంగానికి ఊపొచ్చింది.

రెండో దారి రసాయన బంధం. పట్టీ మీద ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ అనే చురుకైన గుంపును అమర్చితే అది కణజాలపు మాంసకృత్తుల్లో ఉండే అమైన్‌లు అనే నైట్రోజన్ గుంపులతో కలిసి గట్టి బంధమవుతుంది. 2019లో అమెరికాలోని మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థ పరిశోధకులు చూపిన రెండువైపులా అంటుకునే పొడి టేపు ఈ కోవదే. దాని అసలు తెలివి పొడిగా ఉండటంలో ఉంది. టేపులోని పాలీఎక్రిలిక్ ఆమ్లం మధ్యలో ఉన్న నీటి పొరను పీల్చేస్తుంది, తలాలు తాకగానే హైడ్రోజన్ బంధాలు 5 సెకన్లలోపే పట్టుకుంటాయి, ఆ పట్టు ఉండగానే స్థిరమైన బంధాలు ఏర్పడతాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. చురుకైన ఆ ఎస్టర్ నీటితోనూ విరిగిపోతుంది. గొట్టంలో దిగేటప్పుడే తడిస్తే గాయం చేరేసరికి పట్టు సగం ఖర్చయిపోతుంది.

మూడోది సముద్రపు రాళ్లకు అంటుకునే ఆల్చిప్పల నుంచి నేర్చుకున్నది. వాటి మాంసకృత్తుల్లో క్యాటెకాల్ అనే రసాయన గుంపులుంటాయి, తడిలోనూ పట్టుకుంటాయి. అయితే అమైన్‌లతో బంధం కట్టాలంటే అవి ఆక్సీకరణం చెందాలి, ఆ పని ఆమ్లంలో నెమ్మదిస్తుంది. జీర్ణాశయంలో దీనికి ఎదురుదెబ్బ తగిలేది అందుకే.

నాలుగోది నీటిని ఇష్టపడని గొలుసుల దారి. జపాన్‌లోని త్సుకుబాలో ఉన్న జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థలో అలాస్కా పొల్లాక్ అనే చేప జెలటిన్‌కు పది కార్బన్‌ల గొలుసులు తగిలించి, సూక్ష్మ రేణువుల పొడిగా మార్చారు. చల్లినప్పుడు రేణువులు నీరు పీల్చి ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి, గొలుసులు నీటిని తప్పించుకుంటూ కణజాలంలోకి చొచ్చుకుంటాయి. పొడి కనుక ఎంత పెద్ద గాయమైనా, ఎంత వంకర తలమైనా ఫరవాలేదు. రాబోయే చిల్లును ఆపే పనికి ఇది బాగా సరిపోతుంది. తెరుచుకున్న చిల్లు మీద మాత్రం పొడికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

ఎంత బలం కావాలి: ఒక లెక్క

పేగు లోపలి ఒత్తిడి బయటికన్నా 20 మిల్లీమీటర్ల పాదరసం ఎక్కువ ఉందనుకుందాం, అంటే సుమారు 2,670 పాస్కల్‌లు. చిల్లు అడ్డంగా 10 మిల్లీమీటర్లు. దాని వైశాల్యం 78.5 చదరపు మిల్లీమీటర్లు. పట్టీ మీద పడే తోపు 0.21 న్యూటన్‌లు, అంటే 21 గ్రాముల బరువంత. చిల్లు 20 మిల్లీమీటర్లయితే తోపు 0.84 న్యూటన్‌లు, 85 గ్రాములు. నాలుగు రెట్లు పెరిగింది. ఆ తోపును మోయాల్సిన అంచు చుట్టుకొలత మాత్రం రెండు రెట్లే పెరిగింది. కాబట్టి అంచులో ప్రతి మిల్లీమీటరు మీదా భారం రెట్టింపు. చిల్లు లేని గాయం మీద ఈ తోపును గోడే మోస్తుంది, పట్టీ చేయాల్సిందల్లా రసాలు తగలకుండా అడ్డుపడటం. నివారణలో పట్టీకి పని తేలిక అన్నది ఇందుకే.

దగ్గు వస్తే పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా ఎగుస్తుంది, పట్టీ ఊడదా అని చాలామంది అడుగుతారు. దగ్గులో పేగు బయటా లోపలా రెండువైపులా ఒత్తిడి దాదాపు ఒకేలా పెరుగుతుంది. పట్టీకి లెక్క ఆ రెండిటి తేడాయే. దానికన్నా పేగులో వాయువు నిండి గోడ సాగడం ఎక్కువ ప్రమాదం. 20 మిల్లీమీటర్ల చిల్లు మీద 30 మిల్లీమీటర్ల పట్టీ వేశారు, చుట్టూ 5 మిల్లీమీటర్ల పట్టు ఉంది. ఆ భాగం ఉబ్బి అడ్డుకొలత 3 నుంచి 4.5 సెంటీమీటర్లకు పెరిగితే గోడ చుట్టూరా ఒకటిన్నర రెట్లు సాగుతుంది. ఆ దిశలో 20 ఉన్న చిల్లు 30 అవుతుంది. పట్టీ సాగని రకమైతే దానికింకా 30 మిల్లీమీటర్లే. గోడ దాని కిందినుంచి జారిపోయి, పట్టున్న అంచంటూ మిగలదు. అందుకని గోడతోపాటు సాగే మెత్తదనం, గట్టి పట్టు ఎంత అవసరమో అంతే అవసరం.

ఉబ్బు కూడా చూడాలి. చాలా పట్టీలు నీరు పీల్చే హైడ్రోజెల్ అనే మెత్తని పదార్థంతో చేసినవే. దాని పొడవు, వెడల్పు, మందం మూడూ 30 శాతం పెరిగితే మొత్తం పరిమాణం 2.2 రెట్లవుతుంది. పెరిగిన వెడల్పుకు కింద చోటు లేక అంచులు పైకి ముడుచుకుంటాయి. వేసిన వెంటనే అద్భుతంగా పట్టిన పట్టీ ఆరు గంటల తర్వాత అంచులు లేపడం వెనుక చాలాసార్లు ఉండేది ఈ ఉబ్బే.

మూడు మిల్లీమీటర్ల సొరంగం

ఎండోస్కోపులో పరికరాలు వెళ్లే దారి వెడల్పు మామూలుగా 2.8 నుంచి 3.7 మిల్లీమీటర్లు. ప్రయోగశాలలో రెండు వేళ్లతో ఒత్తి పెట్టే పట్టీ ఇక్కడ చుట్ట చుట్టుకుని, తడవకుండా, తనకు తాను అంటుకోకుండా మీటరుకు పైగా ప్రయాణించి, కొనలో విచ్చుకోవాలి.

గుడ్డ, ఫైబ్రిన్ పద్ధతి ఎలా నడుస్తుందో చూస్తే కష్టం అర్థమవుతుంది. గుడ్డను 15×7 మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరిస్తారు. ఒక్కో ముక్క కొసను బయాప్సీ పటకారుతో పట్టి పంపుతారు. దారి ముందుగా ఆరబెట్టకపోతే గుడ్డ మధ్యలోనే గోడకు అంటుకుంటుంది. గాయం మీద పెట్టి పటకారు తెరిచినప్పుడు తడిసిన ముక్క పటకారునే పట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది. అది వదలాలంటే రెండో సాధనంతో నొక్కాలి, లేదా అంచుకు ఒక క్లిప్పు వేయాలి. అన్ని ముక్కలూ పరిచాక ముందు ఫైబ్రినోజెన్, దాని మీద థ్రాంబిన్. రెండిటినీ ఒకే సన్నని గొట్టంలో పంపితే అక్కడే గడ్డకట్టి మూసుకుపోతుంది.

ఎన్ని ముక్కలు పడతాయి? 40 మిల్లీమీటర్ల గుండ్రని గాయానికి చుట్టూ 5 మిల్లీమీటర్లు అదనంగా కప్పాలంటే 50 మిల్లీమీటర్ల వృత్తం, సుమారు 1,960 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కో ముక్క 105. ఒకదానిపై ఒకటి మూడో వంతు ఎక్కిస్తే పనికొచ్చేది 70. అంటే 28 ముక్కలు. ముక్కకు ఒకటిన్నర నిమిషం వేసుకున్నా 42 నిమిషాలు, అదీ రెండు మూడు గంటలు కణితి కోసి అలసిన చేతులతో, మత్తులో ఉన్న రోగి మీద. గుడ్డను పెద్ద ముక్కగా క్లిప్పుతో లాక్కెళ్లి పరిచే పద్ధతులు పుట్టింది ఈ లెక్క వల్లే. పొడి, జెల్ రూపాల మీద మోజుకు కారణం కూడా ఇదే. ఒక్క చల్లులో అయిపోతుంది.

భూమ్యాకర్షణనూ మరచిపోకూడదు. రోగి పడుకున్న తీరులో గాయం అడుగున ఉంటే రసాలు దానిమీదే నిలుస్తాయి, జిగురు గట్టిపడేలోపే పలచబడుతుంది. గాయం పైవైపుకు వస్తే ద్రవం కారిపోతుంది. వీలైతే రోగిని పక్కకు తిప్పి, పీల్చి, వాయువు కొంత తగ్గించి గోడ వదులుగా ఉన్నప్పుడు వేస్తే పట్టు మెరుగ్గా ఉంటుంది.

ప్రయోగశాల అంకెలు ఎలా చదవాలి

పట్టీల గురించి వచ్చే ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది పగులు ఒత్తిడి. పంది పేగు ముక్కకో చర్మానికో చిల్లు పెట్టి, పట్టీ వేసి, వెనుక నుంచి నీరు నెట్టి, ఎంత ఒత్తిడికి కారుతుందో కొలుస్తారు. దీనికి ఏఎస్‌టీఎం ఎఫ్2392 అనే ప్రామాణిక పరీక్ష ఉంది. పక్కకు లాగితే ఎంత ఆగుతుంది, అంచు పట్టి లేపితే ఎంత ఆగుతుంది అనేవాటికి వేరే పరీక్షలున్నాయి. పేగులో పట్టీ చాలాసార్లు ఓడేది మూడోదానిలో, అంచు లేవడంలో. పగులు ఒత్తిడి 100 మిల్లీమీటర్ల పాదరసం ఉన్నా 200 ఉన్నా, 20 దగ్గర పనిచేసే చోట ఆ తేడా రోగికి పెద్దగా పనికిరాదు.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. గాయం మొదటి మూడు నాలుగు రోజుల్లో బలపడదు. పాత కొలాజెన్ కరుగుతూ కొత్తది ఇంకా రాని దశ అది. దాదాపు ఐదో రోజు నుంచి బలం పుంజుకుంటుంది. ఈలోగా పేగుల ముందు తెరలా వేలాడే ఒమెంటం అనే కొవ్వు పొర బయటి నుంచి వచ్చి చిల్లుకు ఆనుకుంటే అదీ కలిసొస్తుంది. కనుక పట్టీ వారం నిలవాలి. వేసిన పది నిమిషాలకు కొలిచిన అంకె ఏడో రోజు సంగతి చెప్పదు.

వైద్యుల్లో ఉన్న భిన్నాభిప్రాయాలు

క్లిప్పులనే నమ్మేవారి వాదన సూటిగా ఉంటుంది. కోస్తుండగా పడే చిల్లుల్లో అత్యధికం చిన్నవి, క్లిప్పులతో మూసుకుంటున్నాయి, దశాబ్దాల అనుభవం ఉంది. గుడ్డ, జిగురు పద్ధతిలో వచ్చిన ఫలితాల్లో ఎక్కువభాగం కొద్దిమంది రోగుల నివేదికలే, పోల్చి చూడటానికి రెండో గుంపు ఉండదు. జీర్ణాశయం ఈఎస్‌డీ తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇదే గుడ్డను వేసి, వేయకుండా, రోగుల్ని చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి పోల్చిన యాదృచ్ఛిక పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మొదటి చిన్న నివేదికల్లో ఆశాజనకంగా కనిపించినది ఇలా తేలిపోవడం వాళ్ల జాగ్రత్తకు గట్టి ఆధారం.

పట్టీల వైపు ఉన్నవారు దీన్ని కాదనరు. తమ పోటీ క్లిప్పుతో కాదంటారు. క్లిప్పు పట్టని చివికిన అంచు, లాగి మూయలేని వెడల్పాటి గాయం, క్లిప్పుల మధ్య మిగిలిన సందు, ఇవే తమ చోట్లు అంటారు. రక్తస్రావాన్ని ఆపడం, చిల్లును ఆపడం వేర్వేరు పరీక్షలు అన్నది కూడా సబబే. అయితే ఆలస్యపు చిల్లు పెద్దపేగులో నూటికి ఒక్కటి కూడా రాదు. అంత అరుదైనదాన్ని పట్టీ తగ్గించిందని నిరూపించాలంటే వేలమంది కావాలి. అందుకే ఈ చర్చ త్వరగా తెగేది కాదు. తేలితే ముందు ఆంత్రమూలంలోనే తేలుతుంది, అక్కడ ముప్పు ఎక్కువ కనుక తక్కువమందిలోనే తేడా కనిపిస్తుంది.

శస్త్రచికిత్స నిపుణులది ఇంకో ఆందోళన. పైన పట్టీ చక్కగా కనిపిస్తూ కింద కారుతూ ఉంటే పెరిటోనైటిస్, అంటే ఉదరకుహరపు పొరకు వచ్చే వాపు, ముదిరేదాకా తెలియదు. ఉదరకుహరంలో వాయువు కనిపించడం ఒక్కటే లెక్క కాదు, చిల్లు మూశాక కూడా అది కొంతకాలం ఉంటుంది. సీటీలో ద్రవం చేరడం, నొప్పి పెరగడం, జ్వరం, గుండె వేగం, రక్తపరీక్షల్లో వాపు సూచికలు ఎగబాకడం చూసి నిర్ణయిస్తారు. ఆ గుర్తులు వస్తే పట్టీ ఎంత ఖరీదైనదైనా శస్త్రచికిత్స ఆపకూడదన్న విషయంలో రెండు వర్గాలకూ తేడా లేదు.

ఇంకా ఒక చిన్న విషయం తరచూ మరుగున పడుతుంది. ఈఎస్‌డీ చేసింది కణితి కోసం, మచ్చ దగ్గర అది మళ్లీ మొలిచిందా అని కొన్ని నెలల తర్వాత చూడాలి. ఎలుగుపంజా క్లిప్పు అప్పటికీ అక్కడే ఉండి చూపుకు అడ్డమొస్తుంది, తీయడం శ్రమ. అతి గట్టిగా పట్టి, నెలల తరబడి కరగని పట్టీ కూడా అదే చేస్తుంది. దాని కింద మొలిచే కండ మానుతున్న గాయమా తిరిగొచ్చిన కణితా అన్నది చూపుతో తేలదు, ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వస్తుంది. జీర్ణాశయంలో ఈఎస్‌డీ పుండు మానడానికి సుమారు 8 వారాలు పడుతుంది. పట్టీ తయారుచేసేవారు వారం నిలవాలి, రెండు నెలలకల్లా పోవాలి అని లక్ష్యం పెట్టుకుంటే అది ఈ రెండు అవసరాలకూ సరిపోతుంది.